బొమ్మల పుస్తకాలను పక్కపక్కన పెట్టి పోల్చుకోవడం ఎలా?

హన్మకొండలోనో కరీంనగర్‌లోనో పుస్తకాల ఎగ్జిబిషన్ పెట్టినప్పుడు పిల్లల పుస్తకాల బల్ల దగ్గర కాసేపు నిలబడి చూడండి. తల్లిదండ్రులు ఎక్కువగా అట్ట చూస్తారు, వెనక్కి తిప్పి ధర చూస్తారు, ఆఖరి పేజీలో నీతి ఉందో లేదో చూస్తారు. సంచిలో వేసుకుంటారు. ఇంటికెళ్లాక పిల్లవాడు దాన్ని ఒకసారి తిరగేసి పక్కన పడేస్తే 'మావాడికి పుస్తకాలంటే ఇష్టం లేదు' అనుకుంటారు. పిల్లవాడి తప్పేమీ లేదు. ఆ పుస్తకంలో వాడు వెతుక్కోవడానికి ఏమీ లేదు, అంతే.

బొమ్మల పుస్తకం సత్తా ఏంటో ఒక్కదాన్నే చేతిలో పట్టుకుని చూస్తే చప్పున తెలియదు. ప్రతిదీ బాగానే ఉన్నట్టు అనిపిస్తుంది. ఒకే కథ మీదో ఒకే సంగతి మీదో వచ్చిన రెండు మూడింటిని చాప మీద పరిచి, అన్నిటినీ అవే ప్రశ్నలు అడిగితే మాత్రం తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఆ ప్రశ్నలేంటో, ఏ వరసలో అడగాలో, దేనికి ఎంత విలువ ఇవ్వాలో ఇక్కడ చెబుతాను. నెలల బిడ్డ మొదలు రెండో తరగతి పిల్లల దాకా ఇది పనికొస్తుంది. ఇంటికి కొనుక్కునేవాళ్లతో పాటు అంగన్‌వాడీ టీచర్లు, బడి లైబ్రరీకి పుస్తకాలు ఎంచేవాళ్లు కూడా వాడుకోవచ్చు.

మొదట ఒకే జాతి పుస్తకాలను ఒకచోట చేర్చండి

ఏడాది బిడ్డ నమిలే అట్టపుస్తకాన్ని, రెండో తరగతి పిల్ల చదివే కథ పుస్తకాన్ని పక్కపక్కన పెట్టి ఏది మంచిదంటే జవాబు రాదు. వాటి పనులు వేరు. కాబట్టి ముందు గుంపులు చేయాలి. మందపాటి అట్టల బోర్డు పుస్తకాలు ఒక గుంపు. మాటలే లేకుండా బొమ్మలతోనే నడిచేవి ఒక గుంపు. పెద్దవాళ్లు చదివి వినిపించే కథల పుస్తకాలు ఒకటి. పక్షులు, చెట్లు, గుళ్ల వంటి నిజమైన సంగతులు చెప్పేవి ఒకటి. పిల్లలు సొంతంగా కూడబలుక్కుని చదివేవి ఇంకొకటి.

'అ అంటే అమ్మ, ఆ అంటే ఆవు' అని పేజీకో బొమ్మ వేసిన పుస్తకాలను ఈ లెక్కలో కలపకండి. అక్షరాలు గుర్తుపట్టడానికి వాటి అవసరం వాటికి ఉంది. కానీ వాటిలో బొమ్మ అక్షరానికి గుర్తుగా ఉంటుంది తప్ప దానంతట అది ఏ కథా చెప్పదు. నేను బొమ్మల పుస్తకం అంటున్నది బొమ్మా మాటా కలిసి పనిచేసేదాన్ని. బొమ్మల కోసమే పిల్లల పుస్తకం వేయడమన్నది కొత్త ఆలోచన కాదు. చెక్ దేశానికి చెందిన కొమీనియస్ అనే విద్యావేత్త 1658లోనే లోకంలోని వస్తువులన్నిటినీ బొమ్మలతో చూపించే పాఠ్యపుస్తకం అచ్చు వేయించాడు.

వయసు విషయంలో ఒక్క మాట. తొలి నెలల్లో బిడ్డకు స్పష్టంగా కనిపించేది సుమారు జానెడు, జానెడున్నర దూరమే. ఆ వయసుకు పేజీకి ఒకే పెద్ద ఆకారం, ముదురు-లేత రంగుల మధ్య గట్టి తేడా ఉన్న బొమ్మలు చాలు. సన్నసన్న వివరాలు నింపిన పేజీ ఎంత అందంగా ఉన్నా ఆ బిడ్డకు దండగ. అదే పేజీ నాలుగేళ్ల పిల్లకు బంగారం.

పుస్తకాలు ఎక్కడ దొరుకుతాయి?

పోల్చడానికి అన్నీ కొననక్కర్లేదు. గ్రంథాలయానికి వెళ్లండి. హన్మకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషా నిలయం 1904 నుంచీ ఉంది. జిల్లా, మండల గ్రంథాలయాల్లో పిల్లల పుస్తకాలు తరచూ పోటీ పరీక్షల పుస్తకాల వెనక ఉండిపోతాయి. అడిగి తీయించుకోండి.

ఫోన్‌లో చూడాలంటే ప్రథమ్ బుక్స్ సంస్థ 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్ ఉంది. అందులో తెలుగు కథలు కూడా ఉన్నాయి. ఉచితంగా చదవొచ్చు, దించుకుని ప్రింట్ తీసుకోవచ్చు. అచ్చు పుస్తకాల్లో తక్కువ ధరకు దొరికేవి నేషనల్ బుక్ ట్రస్ట్ వాళ్ల నెహ్రూ బాల పుస్తకాలయం పుస్తకాలు. సికింద్రాబాద్‌లోని మంచి పుస్తకం, చెన్నైలోని తూలిక కూడా చూడదగ్గవి. తూలిక వాళ్లు ఇంగ్లిష్, తెలుగు రెండూ ఒకే పేజీలో ఉండే పుస్తకాలు వేస్తారు. ఏటా చలికాలంలో హైదరాబాద్ బుక్ ఫెయిర్‌కు వెళ్లే వీలుంటే ఇవన్నీ ఒకేచోట చేత్తో పట్టి చూడొచ్చు. ఫోన్ తెర మీద చూసి కొనడం కంటే అది వందరెట్లు నయం.

మాటలు మూసేసి బొమ్మలు మాత్రమే చూడండి

అసలు పని ఇక్కడ మొదలవుతుంది. దీనికి ఎక్కువ సమయం ఇవ్వమంటాను, ఎందుకంటే మనం పెద్దవాళ్లం పేజీ తెరవగానే అక్షరాల మీదికి పోతాం. చదవడం రాని పిల్లలకు ఆ దారి లేదు. వాళ్లకు పుస్తకమంటే బొమ్మే. అందుకే కాగితం ముక్కతో మాటలను కప్పి, మొదటి పేజీ నుంచి చివరిదాకా బొమ్మలు మాత్రమే చూసుకుంటూ పోండి. కథ ఎంత అర్థమైంది? ఎవరు ఎక్కడికి పోయారు, ఎందుకు ఏడ్చారు, చివరికి ఏమైంది అన్నది బొమ్మల్లో తెలుస్తోందా?

దాహం వేసిన కాకి కథనే తీసుకోండి. తెలియని ఇల్లు ఉండదు. ఈ కథకు ఎన్నో బొమ్మల పుస్తకాలున్నాయి కాబట్టి పోల్చడం నేర్చుకోవడానికి ఇంతకంటే మంచిది దొరకదు. రెండు మూడు తెచ్చి కాకి రాళ్లు వేసే పేజీ తెరవండి. కథంతా ఆ పేజీలోనే ఉంది: రాయి పడుతుంది, నీళ్లు పైకొస్తాయి. ఇప్పుడు బొమ్మలో చూడండి. చాలా పుస్తకాల్లో మట్టికుండ వేస్తారు, దాని పక్కన ముక్కులో రాయి పట్టుకున్న కాకిని వేస్తారు. కుండ లోపల ఏం జరుగుతోందో కనిపించదు! నీళ్లు అడుగున ఉన్నాయని, పైకొస్తున్నాయని మాటలే చెప్పాలి. బొమ్మ చూస్తున్న పిల్లకు కాకి కుండలో రాళ్లు వేసి ఆడుకుంటున్నట్టే ఉంటుంది.

ఆలోచించే చిత్రకారులు ఈ చిక్కును రకరకాలుగా విప్పుతారు. ఒకరు కుండను నిలువునా కోసినట్టు వేసి లోపలి నీటిమట్టం చూపిస్తారు. ఒకరు కాకి కళ్లతో పైనుంచి లోపలికి చూసినట్టు వేస్తారు: మొదట లోతుగా, చీకట్లో చిన్న నీటి మెరుపు. రెండు పేజీల తర్వాత అదే మెరుపు పెద్దదై, కాకి మొహం అందులో కనిపిస్తుంది. ఇంకొకరు కుండ చుట్టూ ఉన్న రాళ్ల కుప్ప పేజీ పేజీకీ తగ్గిపోతున్నట్టు చూపిస్తారు. పిల్లలు ఆ రాళ్లు లెక్కపెడతారు. ఎవరూ చెప్పకుండానే లెక్కపెడతారు. ఈ మూడు రకాల్లో ఏదైనా సరే, ఉత్త కుండా కాకీ వేసిన పుస్తకం పక్కన పెట్టగానే ఎవరు కథను అర్థం చేసుకుని బొమ్మ వేశారో తేలిపోతుంది.

కాకి ఒళ్లు కూడా చూడండి. మొదటి పేజీలో దాహంతో ఉన్న కాకి, చివరి పేజీలో నీళ్లు తాగిన కాకి ఒకేలా ఉంటే అది అతికించిన బొమ్మ. దాహంగా ఉన్న కాకి ముక్కు తెరుచుకుని ఉంటుంది, రెక్కలు కాస్త ఒంటికి ఎడంగా పెట్టుకుంటుంది. ఎండాకాలం మన గోడల మీద వాలిన కాకులు అలాగే కదా ఉంటాయి. మన ఎండల్లో పెరిగిన పిల్ల ఆ భంగిమను ఇట్టే గుర్తుపడుతుంది.

పేజీ పేజీకీ పోలిక నిలబడుతోందా అన్నది ఇంకో పరీక్ష. కథలో పిల్ల గౌను మూడో పేజీలో ఎర్రగా ఉండి, కారణం లేకుండా ఐదో పేజీలో పసుపుగా మారితే చిన్నపిల్లలు 'ఈమె ఎవరు?' అని అడుగుతారు. ఇప్పుడు కంప్యూటర్‌తో పుట్టించిన బొమ్మలతో హడావుడిగా వేసే పుస్తకాలు కూడా వస్తున్నాయి. చేతివేళ్లు లెక్కపెట్టండి, జడ ఎటువైపు ఉందో చూడండి, ఇంటి తలుపు ప్రతి పేజీలో అదే తలుపేనా చూడండి. ఈ నిలకడ లేని పుస్తకాన్ని అక్కడికక్కడే పక్కన పెట్టేయమంటాను. బొమ్మను నమ్మి కథ వెంట నడిచేది పిల్లలే. వాళ్లను తికమక పెట్టడం అన్యాయం.

బొమ్మ చూపిస్తూ కథ చెప్పడం మన ప్రాంతానికి కొత్త కాదు. చేర్యాల ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో ఉంది కానీ 2016 దాకా వరంగల్ జిల్లాదే. అక్కడి నకాషీ కళాకారులు పొడవాటి బట్ట మీద వరసలు వరసలుగా బొమ్మలు వేస్తే, కథ చెప్పేవాళ్లు ఆ పటాన్ని వేలాడదీసి ఊరూరా కులపురాణాలు చెప్పేవాళ్లు. పటం మీద చదవాల్సిన పాఠం ఏమీ ఉండదు. చూసేవాళ్లు బొమ్మ పట్టుకుని కథలోకి పోతారు. మాటల్లేని పుస్తకం చూసి 'ఇందులో ఏముంది, డబ్బులు దండగ' అనేవాళ్లకు నేను ఈ పటాలే గుర్తుచేస్తాను.

ఇప్పుడు బొమ్మలు మూసి మాటలు చదవండి

రెండో విడతలో తిరగేసి చేయండి. బొమ్మలు కప్పి మాటలు మాత్రమే చదవండి. మాటల్లోనే అంతా పూర్తిగా ఉందా? ఉంటే ఆ పుస్తకంలో బొమ్మకు పని లేదన్నమాట. 'ఎర్ర గౌను వేసుకున్న చిన్నారి పచ్చని చెట్టు కింద కూర్చుని పిల్లిని చూసింది' అని రాసి, పక్కన అదే బొమ్మ వేస్తే పిల్లకు దొరికేది ఒక్కటే సంగతి, రెండుసార్లు. మాట 'చిన్నారి ఒక్కతే కూర్చుంది' అని ఊరుకుని, బొమ్మలో కొమ్మ మీంచి పిల్లి తొంగిచూస్తుంటే? వింటున్న పిల్ల ఊరుకోదు. 'ఒక్కతే కాదు, పిల్లి ఉంది!' అని వేలు పెట్టి చూపిస్తుంది. చదువుతున్న పెద్దవాళ్లకు తెలియని సంగతి తనకు తెలుసన్న ఆ సంబరం కోసమే పిల్లలు ఒకే పుస్తకాన్ని మళ్లీ మళ్లీ చదివించుకుంటారు.

నా లెక్కలో అన్నిటికంటే బరువైన ప్రశ్న ఇదే: మాట చెప్పకుండా బొమ్మకు వదిలేసింది ఏంటి? ప్రతి పుస్తకానికీ ఈ జవాబు ఒక వాక్యంలో రాసుకోండి. రాయడానికి ఏమీ దొరకని పుస్తకం మిగతా అన్నిట్లో నెగ్గినా నేను కొనను.

పేజీ తిప్పే చోట ఏం జరుగుతుందో చూడండి

ప్రెస్సులో పెద్ద కాగితాన్ని మడిచి ఫారాలుగా వేస్తారు కాబట్టి బొమ్మల పుస్తకాలు ఎక్కువగా 16, 24, 32 పేజీల్లో ఉంటాయి. అంటే కథను ఎక్కడ విరవాలో రచయిత లెక్క చూసుకోవాలి. మంచి పుస్తకంలో కుడివైపు పేజీ చివర ఒక ప్రశ్నో, సగం తెరిచిన తలుపో, బొమ్మ అంచులో కనిపించే తోకో ఉంటుంది. జవాబు పేజీ తిప్పితేనే దొరుకుతుంది. మామూలు పుస్తకంలో ప్రశ్నా జవాబూ ఎదురెదురు పేజీల్లోనే ఉండి పిల్ల ముందే చూసేస్తుంది. పిల్లల చెయ్యి పేజీ కొస మీదికి దానంతటదే పోతోందంటే విరుపు సరిగ్గా కుదిరినట్టే.

గొంతెత్తి చదవండి

ఈ పుస్తకాల్లో ఎక్కువ కళ్లతో చదువుకునేవి కావు, పెద్దవాళ్ల నోటి నుంచి పిల్లల చెవిలో పడేవి. పోల్చేటప్పుడు ఒక్కో పుస్తకం నుంచి రెండేసి పేజీలు పైకి చదవండి. ఎక్కడ నాలుక తడబడిందో అక్కడ చిన్న గుర్తు పెట్టుకోండి.

తెలుగులో దొరికే బొమ్మల పుస్తకాల్లో అనువాదాలు చాలా ఉంటాయి. అనువాదమైతే తప్పేం లేదు, చక్కగా ఉంటే చాలు. కానీ 'చాలా సంతోషంగా ఉన్న కుక్కపిల్ల దాని యొక్క తోకను ఊపింది' అని చదివితే వినే పిల్ల కళ్లు కిటికీ వైపు పోతాయి. 'కుక్కపిల్లకు ఎంత సంతోషమో! తోక ఆడించుకుంటూ ఉరికింది' అన్నప్పుడు చూడండి. అదే సంగతి, అదే బొమ్మ. చదివేవాళ్ల గొంతు దానంతటదే లేస్తుంది. 'యొక్క', 'మరియు', 'కలిగి ఉంది' పేజీ పేజీకీ తగిలితే ఆ పుస్తకం పైకి చదవడానికి పనికిరాదు. టపటప, గలగల, జరజర, దబ్బున, చటుక్కున లాంటివి ఎన్ని ఉన్నాయో కూడా చూడండి. చిన్నపిల్లలు ముందు పట్టుకునేది వాటినే, మర్నాడు ఆటలో వాడేది కూడా వాటినే.

మన ఇళ్లలో బర్రె, మక్కలు, ఆనిగెపుకాయ అంటే పుస్తకంలో గేదె, మొక్కజొన్న, సొరకాయ అని ఉండొచ్చు. దాన్ని పెద్ద లోపంగా నేను చూడను. రెండూ చెప్పి చదివితే పిల్లకు రెండు మాటలు వస్తాయి. పాత్రల మాటల్లో మన పలుకుబడి ఉన్న పుస్తకం దొరికితే మాత్రం వదలకండి. అవి ఇంకా తక్కువే వస్తున్నాయి.

రెండు భాషల పుస్తకాలైతే ఇంగ్లిష్ కింద తెలుగు చిన్న అక్షరాల్లో, బొమ్మ మీద ఇరికించినట్టు ఉందా, రెండింటికీ సమాన చోటు ఇచ్చారా అని ఒక్క చూపు చూస్తే చాలు.

అక్షరాల మీద అక్షరాలా శ్రద్ధ పెట్టండి

పిల్ల సొంతంగా చదవబోయే పుస్తకమైతే ఇది చాలా ముఖ్యం, అయినా పెద్దలు దాటేసేది ఇదే. తెలుగు అక్షరానికి పైన తలకట్లు, గుడులు ఉంటాయి, కింద ఒత్తులు వేలాడతాయి. ఇంగ్లిష్ పేజీకి సరిపోయే వరసల ఎడం తెలుగుకు చాలదు. వరసలు దగ్గరగా ఉంటే పై వరసలోని ఒత్తు కింది వరసలోని తలకట్టును తాకుతుంది. అప్పుడు పిల్ల వేలు పెట్టి చదువుతూ ఆ ఒత్తు ఎవరిదో తెలియక ఆగిపోతుంది. 'స్త్రీ' లాంటి మాట ఉన్న పేజీ తెరిచి చూడండి. కింది ఒత్తులన్నీ విడివిడిగా, స్పష్టంగా కనిపిస్తే అచ్చు కూర్చినవాళ్లకు పిల్లల మీద శ్రద్ధ ఉన్నట్టు.

ఫాంట్ సరిగ్గా పడక ఒత్తు రావాల్సిన చోట పొల్లు వచ్చి అక్షరాలు విడిపోయిన పుస్తకాలు కూడా అచ్చవుతున్నాయి. 'అమ్మ' అని ఉండాల్సిన చోట మొదటి 'మ' పొల్లుతో, రెండో 'మ' పక్కన విడిగా నిలబడితే అది చదవడం నేర్చుకునే పిల్ల చేతికి ఇవ్వదగ్గది కాదు. మాట మధ్యలో విరిగి సగం కింది వరసలోకి పోవడం, ముదురు నీలం ఆకాశం మీద నల్ల అక్షరాలు వేయడం, అందం కోసం వంపులు తిరిగిన ఫాంట్ వాడటం కూడా ఇలాంటివే.

పదాల సంఖ్య చూసి కూడా స్థాయి అంచనా వేయొచ్చు. స్టోరీవీవర్‌లో మొదటి స్థాయి కథలు సుమారు 250 పదాల లోపు, రెండోది 600 లోపు, మూడోది 1500 లోపు ఉంటాయి. కానీ తెలుగులో ఈ లెక్కను గుడ్డిగా నమ్మకండి. ఇంగ్లిష్‌లో నాలుగు మాటలయ్యేది మనకు 'చెట్టుమీదనుంచి' అని ఒక్క మాటలో అయిపోతుంది. మాటలు తక్కువ, పొడవు ఎక్కువ. అందుకే ఒక పేజీలో ఒత్తులున్న మాటలు ఎన్ని, నాలుగక్షరాలు దాటినవి ఎన్ని అని చూస్తే మీ పిల్లకు తగిందో లేదో ఇంకా బాగా తెలుస్తుంది. తెలంగాణలో ప్రాథమిక బడి పిల్లలకు చదవడం, రాయడం, లెక్కలు గట్టిపరిచే తొలిమెట్టు కార్యక్రమం 2022లో మొదలైనప్పటి నుంచి బడుల్లో పిల్లల చదివే స్థాయి గమనిస్తున్నారు. టీచర్‌ను అడిగితే మీ పిల్ల గుణింతాల దగ్గర ఉందో ఒత్తుల దగ్గర ఉందో చెబుతారు. దాన్నిబట్టి పుస్తకం ఎంచుకోండి.

పుస్తకాన్ని వస్తువుగా కూడా చూడండి

ఇది త్వరగా అయిపోయే పని. మధ్యలోకి తెరిచి నేల మీద పెట్టండి. దానంతటదే మూసుకుపోతే ఒళ్లో పెట్టుకుని చదవడం కష్టం. పిన్నులు కొట్టిన పుస్తకం సాఫీగా పరుచుకుంటుంది, కానీ పిన్ను కొసలు పైకి లేచి ఉన్నాయేమో వేలితో తడమండి. గమ్ బైండింగ్ అయితే రెండు పేజీల మధ్య మడతలోకి బొమ్మ ఎంత పోయిందో చూడండి. కథలో ముఖ్యమైన మొహం సరిగ్గా మడతలో పడ్డ పుస్తకాలున్నాయి. బొమ్మ అంచుల వెంట ఎర్రగానో నీలంగానో నీడలా గీత కనిపిస్తే రంగుల ప్లేట్లు సరిగ్గా కూడలేదని అర్థం. రెండేళ్ల లోపు పిల్లలు ప్రతిదీ నోట్లో పెట్టుకుంటారు కాబట్టి బోర్డు పుస్తకాల మూలలు గుండ్రంగా ఉండాలి, తడి వేలితో రుద్దితే రంగు అంటకూడదు.

పుస్తకంలో ఎవరు కనిపిస్తున్నారు, చెప్పింది నిజమేనా?

మూడు పుస్తకాల్లోని మనుషులను వరసగా చూడండి. అమ్మ ప్రతి బొమ్మలో వంటింట్లోనే ఉందా? ఆడపిల్ల ఎప్పుడూ చూస్తూ ఉంటే మగపిల్లవాడే చెట్టెక్కుతున్నాడా? పిల్లలందరి ఒంటి రంగూ తెల్లగా, జుట్టు రాగి రంగులో ఉందా? ఒక్క పుస్తకంలో ఉంటే దాన్ని పెద్దగా పట్టించుకోను. ఇంట్లో ఉన్న పుస్తకాలన్నిట్లో అదే తంతు అయితే పిల్లకు తన ఇల్లు, తన వాడ పుస్తకాల్లో ఎక్కడా కనిపించదు. సింగరేణి పట్టణంలో పెరిగే పిల్లకూ, ములుగు అడవుల్లో కోయ గూడెంలో పెరిగే పిల్లకూ అద్దంలో చూసుకున్నట్టు ఒక్క పుస్తకమైనా ఉండాలి. ఇది చాలా గట్టిగా చెప్పాలనిపించే సంగతి.

సమాచారం చెప్పే పుస్తకాలను పోల్చడానికి మనకో సౌకర్యం ఉంది: చెప్పింది నిజమో కాదో పోయి చూడొచ్చు. బతుకమ్మ మీద రెండు పుస్తకాలు దొరికితే పూలు చూడండి. తంగేడు పసుపుపచ్చగా, గునుగు కంకిలా పొడుగ్గా ఉందా, లేక ఏవో గులాబీలను గోపురంలా పేర్చేశారా? రామప్ప గుడి గురించిన పుస్తకం 'గుడంతా నీళ్లలో తేలే ఇటుకలతో కట్టారు' అంటే పొరపాటు. ఆ తేలిక ఇటుకలు శిఖరానివి. గోడలు ఇసుకరాయివి, నునుపు దేలిన నల్లరాయి శిల్పాలు వేరు. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక ఆ గుడి మీద రాతలు పెరిగాయి కాబట్టి ఈ జాగ్రత్త ఇప్పుడు మరీ అవసరం. పుస్తకం పట్టుకుని పాలంపేట వెళ్లి, బొమ్మలోని మదనిక (గుడి చూరు కింద నిలబెట్టిన స్త్రీ శిల్పం) అసలు ఎక్కడుందో పిల్లలతో వెతికించండి. అంతకంటే మంచి పరీక్ష ఉండదు.

ఇంప్రింట్ పేజీ, అంటే ప్రచురణ వివరాలుండే పేజీ కూడా ఒకసారి చదవండి. రచయిత పేరు, బొమ్మలు వేసినవారి పేరు, అనువాదకుల పేరు ఉన్నాయా? బొమ్మల పుస్తకంలో బొమ్మలు వేసినవాళ్ల పేరే లేకపోతే ఆ ప్రచురణను అనుమానంగా చూడాల్సిందే.

ఇక పిల్లల ముందు పెట్టండి

ఇంతసేపూ చేసింది వడపోత. మిగిలిన రెండు మూడు పుస్తకాలను పిల్లల ముందు పెట్టండి. ఒకేరోజు అన్నీ చదివి 'ఏది బాగుంది?' అని అడగొద్దు. చివర చదివిందో, మీకు నచ్చిందని వాళ్లు కనిపెట్టిందో చెబుతారు. రోజుకొకటి చదవండి. తర్వాత మూడూ చేతికి అందేంత ఎత్తులో పెట్టి ఊరుకోండి. వారం తర్వాత ఏది తిరగబడి, నలిగి, మంచం కింద దొరికిందో అదే వాళ్ల తీర్పు.

చదివేటప్పుడు ఎలా అడుగుతామన్నది కూడా తీర్పును మారుస్తుంది. అమెరికాలో వైట్‌హర్స్ట్ అనే మనస్తత్వవేత్త, ఆయన సహచరులు 1988లో ఒక అధ్యయనం ప్రచురించారు. రెండు మూడేళ్ల పిల్లల తల్లిదండ్రులకు కొత్తగా చదివి వినిపించే పద్ధతి నేర్పారు: అవును, కాదు అనే జవాబు వచ్చే ప్రశ్నలు తగ్గించి 'ఏం చేస్తున్నాడు?', 'ఎందుకలా?' అని అడగడం, పిల్ల చెప్పినదానికి ఇంకో మాట కలిపి తిరిగి చెప్పడం. నెల రోజుల్లోనే ఆ పిల్లల మాటల్లో మెరుగు కనిపించింది. మీరు పోల్చే పుస్తకాలన్నిట్లోనూ ఇలాగే అడగండి. కొన్ని పుస్తకాలు ఇలాంటి ప్రశ్నలకు చోటే ఇవ్వవు. అంతా చెప్పేసి, చివర్లో 'కాబట్టి పిల్లలూ...' అని మూసేస్తాయి. కొన్నిట్లో పేజీకి మూడు ప్రశ్నలు పిల్లలే వేస్తారు.

గమనించాల్సినవి నాలుగు: పిల్ల వేలు ఎక్కడికి పోయింది, ఎక్కడ వెనక్కి తిప్పింది, ఏ మాట మీతో పాటు పలికింది, ఎక్కడ లేచి వెళ్లిపోయింది. లేచి వెళ్లినంత మాత్రాన పుస్తకం చెడ్డదని కాదు. ఆకలేసి ఉండొచ్చు. ఇంకో రోజు ప్రయత్నించండి.

రాసుకోండి, మార్కులు వద్దు

ఒక నోట్‌బుక్‌లో పుస్తకానికి అర పేజీ చాలు. పేరు, ప్రచురణ, ధర, బొమ్మకు వదిలేసిన సంగతి, నాలుక తడబడిన చోట, అక్షరాల తీరు, పిల్ల చేసిన పని. పదికి ఎన్ని అని మార్కులు వేసి కూడకండి. కూడితే గట్టి బైండింగ్, మంచి కాగితం ఉన్న చప్పటి కథ, పలచటి కాగితం మీద వచ్చిన అద్భుతమైన కథను దాటేస్తుంది. అలా జరిగిన ఎంపికలు బడి లైబ్రరీల్లో చాలా చూశాను: నిగనిగలాడే పుస్తకాలు బీరువాలో కొత్తగానే ఉంటాయి.

కొనడానికీ, తెచ్చి చదివి ఇవ్వడానికీ తేడా పెట్టుకోండి. పిల్ల మళ్లీ మళ్లీ అడిగేది, మీకు కూడా ప్రతిసారీ కొత్త వివరం కనిపించేది కొనాలి. ఒకసారికి సరిపోయేది లైబ్రరీది చాలు. 60 రూపాయల పుస్తకం ముప్పైసార్లు చదివితే ఒక్కోసారికి రెండు రూపాయలు. 300 పెట్టి తెచ్చింది రెండుసార్లతో ఆగిపోతే ఒక్కోసారికి 150. ధర గురించి ఇంతకంటే ఆలోచించక్కర్లేదు.

అంగన్‌వాడీకో తరగతికో ఎంచేవాళ్లు ఇంకో పరీక్ష కలుపుకోవాలి. ఒళ్లో కూర్చోబెట్టుకుని చదివే పుస్తకం ఇరవైమంది ముందు పనిచేయకపోవచ్చు. పుస్తకాన్ని మీ ఛాతీ దగ్గర పిల్లల వైపు తిప్పి పట్టుకోండి. తోటి టీచర్‌నో ఆయమ్మనో వెనక గోడ దగ్గర, పిల్లలు కూర్చునే ఎత్తులో నేల మీద కూర్చోమనండి. కాకి ముక్కులో రాయి అక్కడి దాకా కనిపిస్తోందా అని అడగండి. కనిపించకపోతే ఆ పుస్తకాన్ని నలుగురైదుగురి చిన్న గుంపుకు ఉంచుకుని, తరగతి మొత్తానికి పెద్ద సైజుది వెతకండి. దొరక్కపోతే స్టోరీవీవర్ నుంచి కథ దించుకుని, ముఖ్యమైన నాలుగు బొమ్మలు ఏ3 కాగితం మీద కలర్ ప్రింట్ తీయించి అట్టకు అతికించుకోవచ్చు. పేజీ తిప్పే విరుపులు పోకుండా అట్టలను వరస తప్పకుండా పేర్చుకుని, ముందు అట్ట పక్కకు తీసిన తర్వాతే తర్వాతిది చూపించండి.